శబ్దగ్రహణ యాప్ వర్ణనకు ‘కర్ణశోధిని’ వ్యాఖ్య

మూలం:
“ఉచితం. స్టూడియో నాణ్యత. అపరిమిత రికార్డింగు. ఒక్క నొక్కుతో పని. మీ గోప్యత మాకు ప్రాణం. మాకు 5 నక్షత్రాలు ఇవ్వండి.”

అవతారిక: సకల జనుల శబ్దములను పట్టి ఇచ్చుటకై అవతరించిన ఒకానొక వాయిస్ రికార్డర్ యాప్, ప్లే స్టోర్ గుమ్మమున నిలబడి తన్ను తాను పొగడుకొనుచున్నది. ఆత్మస్తుతి దోషము కదా అనరాదు. పక్కనున్న యాప్‌లన్నియు అదే పని చేయుచుండుటచే ఇది శిష్టాచారము. కర్త ఎవరో తెలియదు. కాలము నిన్నటి అప్‌డేట్. పాఠాంతరములు కోకొల్లలు. ‘స్టూడియో నాణ్యత’కు ‘హెచ్‌డీ’ అనియు, ‘ప్రొఫెషనల్’ అనియు, ‘క్రిస్టల్ క్లియర్’ అనియు కలవు. అన్నిటికీ అర్థం ఒకటే గనుక, అంటే ఏ ఒక్కదానికీ లేదు గనుక, పాఠనిర్ణయం జోలికి పోవడం లేదు.

మన మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాశాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తగిలి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికని ఆ పేరు. ఇక్కడ విషం మూలంలోనే ఉంది గనుక వ్యాఖ్యాతకు అంత బరువు లేదు. ఒట్టులో మొదటి సగం మాత్రం పాటించబడుతుంది.

ఉచితం: స్పష్టము. (వ్యాఖ్యాత ‘స్పష్టము’ అన్నచోట పాఠకుడు జేబు తడుముకోవాలని సంప్రదాయం.)

స్టూడియో నాణ్యత: ఇట శంక. స్టూడియో ఎక్కడున్నది? గోడలకు మెత్తలు, తలుపుకు రబ్బరు అంచు, లోపల గాలి కూడా అడిగి వీచే గది స్టూడియో. మన ఫోను వంటింటి గట్టు మీద ఉంది. పక్కన మిక్సీ, పైన ఫ్యాను, వీధిలో పాత ఇనప సామాన్లు కొనేవాడి మైకు. ఇక ఫోనుకున్న మైకు సంగతి. ఛార్జింగు కంత పక్కన గుండుసూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది, చూడండి. ఏ యాప్ అయినా ఆ రంధ్రంలోంచే వినాలి. యాప్ మార్చితే రంధ్రం మారదు.

అయినా దీని మీద పండితులు తయారయ్యారు. 44,100 పెట్టాలా, 48,000 పెట్టాలా, 96,000 పెట్టాలా అని. మనిషి చెవికి అందే గరిష్ఠం సుమారు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపుకు మించి సెకనుకు నమూనాలు తీస్తే ఆ శబ్దమంతా దొరికినట్టే. అందుకే సీడీకి 44,100. పాత డిజిటల్ టెలిఫోను లైన్లు 8,000తో సరిపెట్టాయి. ఆ ఎనిమిది వేలలోనే సంబంధాలు కుదిరాయి, ఆ ఎనిమిది వేలలోనే తప్పిపోయాయి. మరి 96,000 ఎవరి కోసమంటే గబ్బిలాల కోసమని సిద్ధాంతం. మా బంధువొకాయన పెళ్ళిలో నా ఫోను లాక్కుని, “నలభై ఎనిమిదికి మార్చెయ్, తేడా నువ్వే వింటావు” అని సెట్టింగు మార్చి, తీసుకెళ్ళి డోలు పక్కన పెట్టాడు.

అసలు శబ్దమనగానేమి? ఇది తేల్చుకోకుండా యాప్ ఎంచుకోవడం అశాస్త్రీయం. అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పినది: చెవికి చిక్కే గుణం శబ్దం. అది ఉండేది ఆకాశంలో మాత్రమే. ధ్వని, వర్ణం అని రెండు రకాలు. భేరి మోత ధ్వని, భాష వర్ణం. చెవి కూడా మరేం కాదు, చెవి దొప్ప లోపల చిక్కుకున్న కాసింత ఆకాశం. ఫోను అడుగు రంధ్రంలోనూ కాసింత ఆకాశం చిక్కుకునే ఉంది. దానికి చెవి హోదా ఇవ్వాలా వద్దా అన్నది తార్కికులే తేల్చాలి.

ఇక పుట్టినచోటు నుంచి చెవిదాకా శబ్దం ఎలా వస్తుందన్నది చాలా రుచిగల ఘట్టం. ఒక పక్షానిది వీచీతరంగ న్యాయం. ఒక అల ఇంకో అలను, అది మరో అలను పుట్టిస్తూ ఒడ్డు చేరినట్టు. రెండో పక్షానిది కదంబగోళక న్యాయం. కడిమి మొగ్గ అన్నివైపులా ఒక్కసారే కేసరాలు విప్పినట్టు. ఏ పక్షం పట్టినా తేలేదేమిటంటే, నోట పుట్టిన శబ్దం చెవికి చేరనే చేరదు. అది ఇంకో శబ్దాన్ని కని పోతుంది. ఆ బిడ్డ మరో బిడ్డను కని పోతుంది. మన చెవిన పడేది ఏ మునిమనవడో. అమ్మ ఎదురుగా కూర్చుని పిలిచినా మనకు అందేది ఆ పిలుపు వంశాంకురమే. ‘ఉన్నది ఉన్నట్టు’ పట్టి ఇస్తామనే యాప్‌ల వాళ్ళ కొలువులో ఒక్క తార్కికుడూ లేడని దీనివల్ల తెలుస్తోంది.

పైగా తార్కికుడి లెక్కలో పుట్టిన శబ్దం మూడో క్షణానికి ఉండదు. మీమాంసకుడు దీనికి ఒప్పుకోడు. వర్ణం నిత్యం, మనం పలకడమంటే ఉన్నదాని మీద తెర తీయడమే అంటాడు. రుజువేమిటయ్యా అంటే, నిన్నటి గకారాన్ని ఇవాళ వినగానే “అదే గకారం” అని గుర్తుపడుతున్నాం కదా అంటాడు. తార్కికుడు నవ్వి, “అదే మందు తెచ్చాను అని కూడా అంటాం. నిన్నటి మాత్ర నిన్ననే మింగేశాం. ఇవాళ తెచ్చింది ఆ జాతిది” అంటాడు. శతాబ్దాల తరబడి నడిచిన ఈ తగాదాను యాప్‌ల వాళ్ళు ఒక్క దెబ్బతో తీర్చారు. ఉచిత ప్లానులో శబ్దం అనిత్యం. ప్రీమియంలో నిత్యం, ఏటేటా చందా కట్టినంతకాలం.

నాకు మీమాంసకుడే గెలవాలని ఉంటుంది. మా పెద్దత్తయ్య అప్పగింతల పాట పాడుతుంది. ఏ పుస్తకంలోనూ నాకు కనబడని చరణాలు. స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి ఎదురుగా పెట్టాం. రెండో చరణంలో గొంతు జీరబోయింది. పమిట చెంగుతో మూతి తుడుచుకుని, “ఉండరా, ఇక్కడ పిల్ల చెయ్యి అత్తగారి చేతిలో పెట్టాలి” అని మళ్ళీ అందుకుంది. అదే సమయానికి క్రెడిట్ కార్డు అంటగట్టేవాళ్ళ ఫోను. కాల్ వస్తే మైకు కాల్‌దే, అది ఫోను ధర్మం, కాదనను. కానీ కాల్ కట్ చేశాక యాప్ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆగిపోయానని ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ చివరి చరణం దాకా పాడి, “పడిందిరా?” అంది. ఆ జవాబు చెప్పవలసినవాడు యాప్ రాసినవాడు. రికార్డింగుకు ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి అని ఆ వర్ణనలో ఒక్క వాక్యం రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? స్టూడియో అట, స్టూడియో.

ప్రకృతం అనుసరింతము.

అపరిమిత రికార్డింగు: పరిమితి లేనిది. పరమాత్మకు వాడదగిన విశేషణము. వేవ్ ఫైలు తన పొడుగు తాను రాసుకునే గడి 32 బిట్లది. 4 జీబీ దాటితే అంకె పట్టదు. సీడీ స్థాయి స్టీరియోలో ఆ అనంతం ఆరుముప్పావు గంటల దగ్గర ముగుస్తుంది. హరికథకు చాలు. మన సన్మానసభల్లో వందన సమర్పణ బయటపడిపోవచ్చు. ఒక్క మనిషి మాటకు మోనో చాలు. కుదించకపోతే గంటకు 317 ఎంబీ, 64 కేబీపీఎస్‌కు కుదిస్తే 29 ఎంబీ కూడా కాదు.

ఒక్క నొక్కుతో పని: ఆ ఒక్క నొక్కుతో ఫైలుకు ‘కొత్త రికార్డింగు 12’ అని నామకరణం కూడా జరుగుతుంది. ఏడాది తరువాత ఆ పన్నెండులో ఉన్నది పాటో, ప్లంబరుతో బేరమో బ్రహ్మకెరుక. 1902లో కలకత్తాలో గ్రామఫోను కొమ్ము ముందు పాడిన గౌహర్ జాన్ ఇంతకంటే తెలివైనది. పాట అవగానే తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. మొదట్లో మనిషి పేరు, ఊరు, తేదీ నోటితో చెప్పి పాట మొదలుపెట్టమంటే మా అత్తయ్య కూడా చెబుతుంది. దానికి ప్రీమియం అక్కర్లేదు.

మీ గోప్యత మాకు ప్రాణం: శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు చెప్పాలి. ఇక్కడ విషయం శబ్దం, ప్రయోజనం రికార్డింగు. సంబంధమే బోధపడదు. మైకు అడిగితే న్యాయం. కాంటాక్టులు ఎందుకు? లొకేషను ఎందుకు? పాట ఏ వీధిలో పాడితే దానికేం? ‘అనుమతించు’ అనకపోతే ముందుకు కదలదు, అన్నాక మధ్యలో రమ్మీ ఆట ప్రకటన. ఇందరు పోటీపడి మన ప్రాణాలు కాపాడుతుండగా, ఫోనుతో పాటే పుట్టిన రికార్డరు ఏమీ అడక్కుండా ఓ మూల పడి ఉంటుంది. ప్రకటన ఇచ్చుకోలేదు గనుక దానికి పండితులు లేరు.

5 నక్షత్రాలు ఇవ్వండి: నక్షత్రములు 27. వాటిలో ఏ ఐదు కావలెనో మూలకారుడు తెలుపలేదు. సంఖ్యను బట్టి నిర్ణయింపవలెను. ఐదుగా కూడి ప్రసిద్ధమైనవి ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. దీనికి ధనిష్ఠా పంచకమని పేరు. వీటిలో మరణం జరిగితే కొన్ని నెలలు ఆ ఇల్లు విడిచిపెట్టడం ఆచారం. అప్పగింతల పాట ఆ యాప్‌లోనే గదా పోయింది. కనుక ఐదింటినీ ఇచ్చి, ఇల్లు ఖాళీ చేయవలెను. అయితే కొన్ని యాప్‌లు రికార్డింగులను తమ సొంత గదిలో దాచుకుంటాయి. యాప్ తీసేస్తే ఆండ్రాయిడ్ ఆ గదినీ చెరిపేస్తుంది. ముందు సామాను బయటికి చేర్చుకోవాలి. దానికి ముహూర్తం చూడనక్కర్లేదు.