వానవార్తకు టీకా తాత్పర్యం

మూలము
రామగిరి: మండలంలో ఆదివారం రాత్రి భారీ వర్షం కురిసింది. రైతులు హర్షం వ్యక్తం చేశారు.

అవతారిక
పేజీ మూసేస్తున్నామని డెస్కు నుండి మళ్లీ మళ్లీ ఫోను రాగా, కరెంటు పోయిన ఇంట మండల కంట్రిబ్యూటరు సెల్‌ఫోను వెలుతురున బొటనవ్రేలితో ఈ గ్రంథమును రచించెను. శీఘ్రరచనకు లక్ష్యమగుటచే వ్యాఖ్యానింపబడుచున్నది.

టీక
రామగిరి = గాలిమరలు తిరుగు కొండల ప్రాంతము. మేఘసందేశమున యక్షుడు కుమిలిన రామగిరి ఇది కాదు. దానిని వ్యాఖ్యాత మల్లినాథసూరి చిత్రకూటమనెను, నాగపూరు దగ్గరి రామ్‌టెక్ అని నేటి పండితులు. అయినను ఆషాఢమున మబ్బు వంక చూచుట రెండు చోట్లా సమానమే. అక్కడ యక్షుడొక్కడు, ఇక్కడ శెనక్కాయ విత్తనాలు ఇంట పెట్టుకొన్నవారందరు.

భారీ = వాతావరణ శాఖ లెక్కలో 24 గంటలకు 64.5 మి.మీ. మొదలు. ఈ రామగిరి యున్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తమునకు కురియునదే 550 మి.మీ. చుట్టుపక్కల. ఇది భారీయైనచో ఏటి వానలో ఎనిమిదో వంతుకు చేరువ ఒక్క రాత్రే పడెననవలె. కొలత తీయునది మరునాటి ఉదయం 8.30కు. మరి రాత్రియే ఎట్లు తెలిసెను? వసారా రేకుల చప్పుడే ప్రమాణము.

కురిసింది = క్రియ. వేగమునకు కీలు ఇచటనే యున్నది. ఖండాన్వయము చెప్పు పండితుడు క్రియను ముందు పట్టి, ప్రశ్నలతో తక్కిన పదములను లాగును. కురిసినది. ఏది? వాన. ఎప్పుడు? రాత్రి. ఎక్కడ? రామగిరిలో. ఎంత? ఇచ్చట మన గ్రంథకర్త నోరు మూతపడి "భారీ" పుట్టెను. ఆ ప్రశ్న దగ్గర ఊరి రైతుకు ఫోను కలిపి "పదునైందా మామా?" అనినచో, "అయింది, పొద్దున్నే గొర్రు కట్టొచ్చు" అని జవాబు వచ్చెడిది. రెండు నిమిషముల పని. మొదటి వాక్యమెట్లు ఎత్తుకోవాలా యని గోళ్లు కొరుకువానికి అరగంట.

రైతులు హర్షం వ్యక్తం చేశారు = అర్ధరాత్రి ఎవరికి వ్యక్తం చేసిరి? వారు గొడ్లను పాకలోకి తోలుకొనుచుండిరి.

శంక: ఈ వాక్యమును ముందే ఫోనులో దాచి, వాన పడగానే అతికించుట మరింత శీఘ్రము కదా?
సమాధానము: శీఘ్రమే. వడగళ్లకు టమాట తోట పోయిన రాత్రి కూడ రైతులు హర్షింతురు.

తాత్పర్యము
రామగిరిలో రాత్రి వాన కురిసింది, శెనక్కాయ విత్తడానికి పదునైంది.

విశేషము
ఆధారము లేని మాటను, అక్కరలేని మాటను దరి చేరనీయనని మల్లినాథుడు ప్రతిన పట్టెను. ఆ లెక్కన "భారీ", "హర్షం" రెండును పోవును, అంత టైపింగు తప్పును. అచ్చయిన నిడివిని బట్టి చెల్లించు లైన్ అకౌంటులో ఆ మేరకు పైకము తరుగుట నిజమే. మల్లినాథునకు సెంటీమీటర్ల లెక్కన చెల్లించినట్లు కనబడదు.

పాఠాంతరము
"హర్షాతిరేకాలు వ్యక్తం చేశారు" అని అచ్చుప్రతి. పేజీ అడుగున చోటు మిగులుటచే డెస్కువారు చేర్చినట్లు తోచుచున్నది.