చెత్త మీద నా హక్కు పోయింది

మహాప్రభో! బందరులో సొంత ఇల్లు, సొంత గేటు ఉన్న గృహస్థుణ్ణి. అన్యాయమైపోయానని మొర పెట్టుకుంటున్నాను.

2024 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మా ఊరొచ్చి మరీ చెత్త పన్ను రద్దని ప్రకటించారు. అందరితోపాటు నేనూ సంబరపడ్డాను. నష్టం తర్వాత తెలిసింది. అంతకుముందు బండి రాకపోతే "డబ్బు కడుతున్నాం, తమాషాగా ఉందా?" అని అరుగు మీంచి అరిచేవాణ్ణి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అరవను? పన్నుతోపాటు అరిచే హక్కూ రద్దయింది.

2021లో 'క్లాప్' (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరిట పట్టణాల్లో ఇంటికి మూడు బుట్టలు పంచారు. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైనదానికి ఎరుపు. మా ఇంట్లో ఆకుపచ్చ దాంట్లో బియ్యం, నీలం దాంట్లో నీళ్లు, ఎర్రదాంట్లో విడిచిన బట్టలు. వేరు చేయడంలో మాత్రం లోపం లేదు.

అసలు చెత్త ఎవరిది? పాత పేపర్లు, సీసాలు, ఇనుము మావే. పాతసామాన్లవాడు కాటా వేసేదాకా వాటిని ఎవర్నీ ముట్టుకోనివ్వం. కొనేవాడు లేనిదంతా ఉమ్మడి ఆస్తి. చీకటి పడ్డాక దాన్ని పక్క ఖాళీ స్థలానికి దానం చేస్తాం. గుడివాడలో మా బావమరిది ఇంకా ఉదారుడు, ఏకంగా కాలువకే ఇచ్చేస్తాడు. దివిసీమలో మా వియ్యంకుడిది శివారు ఆయకట్టు. ఆయన కాలువకు ఎగువన వేరే బావమరుదులున్నారు. నీళ్లు అందలేదని ఆయన గోల పెడుతుంటే, పాలిథిన్ కవర్లు మాత్రం ఎవరి సిఫార్సూ లేకుండా ఆఖరి తూము దాకా వచ్చేస్తాయి.

ఉమ్మడి సొత్తు పంచుకోవడం డెల్టావాళ్లకు కొత్తా? నీళ్లకు వంతులు వేసుకున్నవాళ్లం. 1997 చట్టంతో నీటి సంఘాలూ, వాటికి ఎన్నికలూ వచ్చాయి. ఉమ్మడి వనరును నిలబెట్టుకునే జనం తమ కట్టుబాట్లు తామే పెట్టుకుంటారు, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు అని చెప్పిన పండితురాలు ఎలినార్ ఆస్ట్రోమ్‌కి 2009లో అర్థశాస్త్ర నోబెల్ ఇచ్చారు. కనిపెట్టడంలో మా వీధికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఎదురింట్లో ఏం కూరో తాలింపు పడకముందే చెప్పేస్తాం.

కాబట్టి నా విన్నపం: వీధికో చెత్త సంఘం పెట్టించండి. పనికి ఎవరూ రారని బెంగ వద్దు. అధ్యక్ష పదవి ఉందని చాటింపు వేయించండి, నలుగురు నామినేషన్ వేస్తారు. గెలిచినవాడు ఏం చేస్తాడో నేను పూచీ పడలేను గానీ, ఓడిన ముగ్గురూ రాత్రింబవళ్లు వాడి బుట్టలోకి తొంగిచూస్తూనే ఉంటారు.