లాస్ట్ చాప్టర్ అన్న

నేను ఎమ్మేలో చేరిన కొత్తలో అడిగాను, "అన్నా, థీసిస్ ఎందాకా వచ్చింది?" అని.

"లాస్ట్ చాప్టర్ నడుస్తుంది తమ్మీ."

ఎమ్మే అయిపోయింది. నెట్ ఒకసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను, నేనూ పీహెచ్‌డీలో చేరాను. ఆ చాప్టర్ ఇంకా నడుస్తూనే ఉంది, మా ఊరి ప్యాసింజర్ బండిలాగా.

అలాగని అన్న ఖాళీగా ఉండే మనిషి కాదు. పొద్దున్నే గైడు సార్ ఇంటికి వెళ్లాలి. సార్ వాళ్ల కరెంటు బిల్లు, మేడమ్ గారి మందులు, మనవడి స్కూలు ఫీజు అన్నీ ఆయన చేతి మీదుగానే జరగాలి. సార్ ఇంటి గ్యాస్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మాత్రం ఫైలు వెతుక్కుంటాడు.

2023లో సీనియర్ ఫెలోషిప్ 42 వేలకు పెరిగింది. "ఇప్పుడు సబ్మిట్ చేసేటోడంత పిచ్చోడు ఎవడన్నా ఉంటడా?" అన్నాడు. న్యాయమే! ఆ ఏడాదే జులైలో, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ చాలని యూజీసీ చెప్పింది. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర అన్న మొహం చూడాలి! "చూసిన్రా? నేను చెప్పలే, తొందరపడొద్దని!" అని అందరికీ తనే చాయ్ ఇప్పించాడు. ఆ ఖాతా ఇంకా తీరలేదు.

యూజీసీ గుర్తించిన పత్రికల కేర్ లిస్టులో ఒకటి చూసుకుని వ్యాసం పంపాడు. దిద్దారు, తిప్పి పంపారు, మళ్లీ దిద్దారు. అది అచ్చు కాకముందే, 2025 ఫిబ్రవరిలో, యూజీసీ ఆ లిస్టునే ఎత్తేసింది.

ఫెలోషిప్ అయిదేళ్లకు ఆగిపోయాక అన్న హాస్టల్లో నాన్‌బోర్డర్ అయి నా గదికి వచ్చాడు. మంచం నాది, పరుపు ఆయనది. ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ తెచ్చుకుని, చివరికి మొన్న వైవా ముగించాడు. ఎక్స్‌టర్నల్ సార్ అడిగినవి రెండే ప్రశ్నలు. రెండోది, "భోజనం ఎక్కడ?" అప్పు చేసి తెచ్చిన బిర్యానీ నలభై మందిమి తిన్నాం. తెల్లారేసరికి నా గది తలుపు మీద చాక్‌పీస్‌తో 'డా.' అని రాసి ఉంది.

ప్రస్తుతం ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాడు. మీ ఎరుకలో ఎక్కడైనా పోస్టు ఖాళీ ఉంటే దయచేసి చెప్పండి. నెట్ ఉంది, సెట్ ఉంది, ఇప్పుడు డాక్టరేటూ ఉంది. ఆయన గది ఖాళీ చేస్తే, నా లాస్ట్ చాప్టర్ నేను రాసుకోవాలి.