టెండరు వేసే తమ్ముళ్లకు ఉచిత సలహా

ఆటోనగర్‌లో రెండు వెల్డింగ్ మిషన్లు, ఐదుగురు పనివాళ్లతో బీరువాలూ బెంచీలూ చేసుకునే తమ్ముడూ! సర్కారు బళ్లకు బెంచీలు, హాస్టళ్లకు మంచాలు కావాలని టెండర్లు పడుతున్నాయి. వేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నావని తెలిసింది. తప్పకుండా వెయ్యి, కాకపోతే నేను చెప్పినట్టు వెయ్యి. నా మాట విని టెండరు వేసినవాళ్లెవరికీ రెండోసారి వేయాల్సిన అవసరం రాలేదు.

ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సంగతి. 2020 జులై నుంచి కేంద్రం సైట్లో ఆధార్ నంబరు కొడితే పైసా ఖర్చు లేకుండా వస్తుంది. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది? సర్కారు సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు బోలెడున్నాయి, ఫీజు కట్టి అక్కడే తీసుకో. దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించు. టెండర్లో మాత్రం చూపించకు. కేంద్ర శాఖలూ, కేంద్ర ప్రభుత్వ సంస్థలూ ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలని రూలుంది. అందులో ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు 4 శాతం, మహిళల యూనిట్లకు 3 శాతం వాటా. ఈఎండీ, అదే ధరావతు సొమ్ము, కట్టక్కర్లేదు. అందరికంటే తక్కువ రేటు వేసిన ఎల్‌వన్ పెద్ద కంపెనీ అయి, నీ రేటు దానికంటే 15 శాతం లోపు ఎక్కువున్నా, ఆ రేటుకు దిగొస్తానంటే ఆర్డర్లో కొంత నీకు వస్తుంది. ఇవన్నీ అడిగి పుచ్చుకుంటే మనం చిన్నవాళ్లమని నలుగురికీ తెలిసిపోదూ?

వాడుకునే తీరతానంటావా, అయితే కేంద్రం ఇచ్చిన మినహాయింపును మీ ఊరి మునిసిపాలిటీ టెండర్లో వాడు. అక్కడి రూలు వేరేగా ఉందేమోనని షెడ్యూలు తిరగేయకు. అసలు షెడ్యూలు ఎందుకు చదవాలి? ఎనభై పేజీలు రాసినవాళ్లే చదివి ఉండరు. రేటు వేసే చివరి పేజీ చాలు. ప్రీబిడ్ మీటింగుకు వెళ్తే టీ, బిస్కెట్లే ఇస్తారు. పైగా నీ సందేహం నలుగురిలో అడగాలి. మీటింగు తర్వాత వచ్చే సవరణ కాగితాల జోలికి అసలే పోకు. బెంచీ పైపు 18 గేజి నుంచి 16 గేజికి మార్చారని అందులో ఉంటుంది. 18 గేజి మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజిది 1.6. మూడో వంతు ఇనుము ఎక్కువ పడుతుంది. ఆ సంగతి సరుకు దింపేటప్పుడు స్క్రూగేజి పట్టుకొచ్చిన ఇంజినీరు చెబితే తెలుసుకోవచ్చు. తొందరేముంది?

డిజిటల్ సంతకం టోకెన్ నీ దగ్గర పెట్టుకోకు. నెట్ సెంటర్ కుర్రాడికి పిన్ నంబరుతో సహా ఇచ్చెయ్. చివరి గంటలో అప్‌లోడ్ చేయించు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో వచ్చింది. అంతకుముందు టెండరు బాక్సు దగ్గర మనుషుల్ని నిలబెట్టి కవరు వేయనివ్వకుండా అడ్డుకునే రోజులుండేవి. ఇప్పుడు అడ్డుకోవడానికి ఎవరూ లేరు, ఆ పని మనమే చేసుకోవాలి. టెక్నికల్ కవర్లో రేటు కాగితం కూడా కలిపి పెట్టేస్తే మరీ మంచిది. ధర కవరు తెరిచేదాకా ఆగక్కర్లేదు, ముందే ఇంటికి పంపేస్తారు.

అసలు విద్యంతా రేటులో ఉంది. ఎంత లెస్ వేస్తే అంత మొనగాడివి. ఇనుము, పౌడర్ కోటింగ్, కూలీ లెక్కెయ్. మండలాలకు లారీ బాడుగ, దింపుడు కూలీ, విరిగినవాటిని వెనక్కి తెచ్చుకునే ఖర్చు లెక్కలోకి రానియ్యకు. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటారు. అది నీ ఖాతాలోనే జమవుతుంది గానీ చేతిలో ఆడదు. వడ్డీ మాటైతే తలవకు. పది లక్షల ఆర్డరుకు తొమ్మిది లక్షల ఇరవై వేలు ఖర్చయి ఎనభై వేలు మిగులుతుందనుకో. పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చావు. బిల్లు ఆరు నెలలు ఆగితే వడ్డీ లక్షా పది వేలు. అంటే సర్కారు వారికి బెంచీలిచ్చి, ముప్పై వేలు ఎదురు కట్నం కూడా సమర్పించుకున్నావన్నమాట. సరఫరా ఆలస్యమైతే సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్ ఒప్పందాల్లో వారానికి అర శాతం చొప్పున 10 శాతం దాకా కోత ఉంటుంది. బిల్లు ఆలస్యమైతే అంత చురుగ్గా కోసేవాళ్లు మన వైపు ఉండరు.

రింగు కట్టడం కూడా నేర్చుకోవాలి. ముగ్గురు స్నేహితులు కలిసి, ఈసారి నువ్వు, వచ్చేసారి నేను అని పంచుకోండి. ఆ మాటలు ఫోన్లో అనుకుంటే మర్చిపోతారు, వాట్సాప్ గ్రూపులో రాసుకోండి. మూడు బిడ్లూ ఒకే కంప్యూటర్ నుంచి వేస్తే కరెంటు ఆదా. కాంపిటీషన్ చట్టంలో ఇలాంటివాటికి లాభానికి మూడు రెట్లు గానీ, టర్నోవర్లో పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా వేయొచ్చు. అనుభవం సర్టిఫికెట్ లేకపోతే కంప్యూటర్లో తయారుచేసుకో. దొరికితే కేంద్ర నియమాల ప్రకారం రెండేళ్ల దాకా టెండర్లకు దూరం పెడతారు. హాయిగా విశ్రాంతి.

సరుకు దింపాక రసీదు మీద సంతకం, తేదీ, స్టాంపు అడగకు, హెడ్మాస్టరు గారు నొచ్చుకుంటారు. బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరుగు, తిరిగినంత కాలం తిరుగు. రెండు రాష్ట్రాల్లోనూ పాత బిల్లుల కోసం కాంట్రాక్టర్లు ధర్నాలు చేశారు, నువ్వూ ఓ బ్యానరు రాయించుకో. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలనీ, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలనీ ఎవరైనా చెబితే నమ్మినట్టే తలూపి వచ్చెయ్. ఆ వడ్డీ ఇప్పించడానికి ఫెసిలిటేషన్ కౌన్సిళ్లున్నాయి. ఆఫీసు మెట్లెక్కకుండానే ఎంఎస్‌ఎంఈ సమాధాన్ పోర్టల్లో దరఖాస్తు పెట్టే వీలు 2017లోనే వచ్చింది. దాన్ని ఎలా తెరవాలో మాత్రం నన్నడక్కు, నా దగ్గరికొచ్చే తమ్ముళ్లెవరూ ఇంతవరకూ తెరవలేదు.