ఉపగ్రహం బ్యాటరీ: ఒళ్లు అలవని నిర్వహణకు ఏడు చిట్కాలు

మీ ఇల్లు అబ్దుల్లాపూర్‌మెట్‌లో, ఉద్యోగం ఉపగ్రహాలను నడిపే హాసన్ మాస్టర్ కంట్రోల్ కేంద్రంలో అనుకోండి. ఇంట్లో ఇన్వర్టర్‌కు డిస్టిల్డ్ వాటర్ పోయకపోతే, కరెంటు పోయిన రాత్రి పక్క వాటావాళ్లకూ తెలిసిపోతుంది. కానీ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం బ్యాటరీని మూత తీసి చూసేవాడు లేడు. ఈ వెసులుబాటును వాడుకోండి.

1. సెలవు ముందే రాసిపెట్టండి. మార్చి 21, సెప్టెంబరు 23కు అటూ ఇటూగా, దాదాపు 45 రోజుల చొప్పున, భూస్థిర ఉపగ్రహం రోజూ నడిరాత్రి వేళ భూమి నీడలోకి పోతుంది, అదే దానికి గ్రహణం. గరిష్ఠంగా 72 నిమిషాలు బ్యాటరీయే దిక్కు. మేనకోడలి పెళ్లి సరిగ్గా అప్పుడే పెట్టించండి.

2. అడుగంటేదాకా వాడండి. కొంత మిగల్చమని మాన్యువల్ చెబుతుంది. మిగిల్చి ఎవరికిస్తారు? నీడలోనూ టీవీ సిగ్నళ్లు మోసే ట్రాన్స్‌పాండర్లన్నీ ఆన్‌లోనే ఉంచండి.

3. ఏడాదంతా వంద శాతం నింపి ఉంచండి. గ్రహణాలు లేని నెలల్లో లిథియం అయాన్ సెల్స్‌ను కొంత తక్కువ చార్జింగ్‌తో, చల్లగా ఉంచితే ఎక్కువ కాలం మన్నుతాయి. కానీ దానికి కమాండ్లు పంపాలి. నిండుగా వదిలేస్తే ఆ బాధ లేదు.

4. హీటర్ కట్టేయండి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్ షార్ట్ కావచ్చు. కంటికి కనిపించదు గనుక లెక్కలోకి రాదు.

5. మొత్తం వోల్టేజీ ఒక్కటే చూడండి. ఒక సెల్ ఎక్కువై, ఇంకోటి తక్కువైనా కూడిక సరిపోతుంది. రిజిస్టర్‌లో నిన్నటి అంకెలే దించండి. చివరి అంకె ఒక్కటి మార్చండి, చూసి రాసినట్టే ఉంటుంది.

6. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ అయితే ఇంకా సుఖం. గ్రహణాల సీజన్‌కు ముందు దాన్ని నెమ్మదిగా ఖాళీచేసి మళ్లీ నింపాలి. ఆ పని కాగితం మీద కానివ్వండి.

7. సాకు సిద్ధంగా ఉంచుకోండి. 1975లో ఆర్యభట్ట ఉపగ్రహం కొద్ది రోజులకే కరెంటు సరఫరా లోపంతో ప్రయోగాలు ఆపింది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2022 ఏప్రిల్‌లో సుదీర్ఘ గ్రహణం తర్వాత మూగబోయింది. ఈ రెండూ గట్టిగా చెప్పండి. ఆరు నెలల పనికోసమే తయారైన మంగళయాన్ ఎనిమిదేళ్లు నిలిచిన సంగతి మాత్రం ఎత్తకండి.

అన్నీ పాటిస్తే పదిహేనేళ్లు పనిచేయాల్సిన ఉపగ్రహం సగంలోనే రిటైరవుతుంది. టీవీ ఛానెళ్లు ఆగిపోతాయి, మీకు రాత్రి షిఫ్టు తప్పుతుంది. ఈ సీజన్ నుంచే మొదలుపెట్టండి.