పగలు ఆఫీసు, రాత్రి మామగారు

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కు 1902లోనే కరెంటు వచ్చింది. శివనసముద్రం దగ్గర కావేరి నీళ్లతో పుట్టించిన కరెంటును దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద లాక్కొచ్చి గనులకిచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు, 1905లో. ఇంత ఘనత ఉన్న ఊళ్లో, 2020 మార్చి ఆఖరి వారంలో, రాబర్ట్‌సన్‌పేటలోని ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ల్యాప్‌టాప్‌కు ప్లగ్గు కోసం ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే. అది మిక్సీది. పక్కనే చట్నీకి కొబ్బరి తరిగి పెట్టుకుని వాళ్లమ్మ నిలబడి ఉంది.

ఆయన పేరుతో మనకు పని లేదు. అలాంటి వాళ్లు మారికుప్పం నుంచి బెంగళూరుకు వెళ్లే రైళ్ల నిండా ఉంటారు. తెల్లవారకముందే టిఫిన్ డబ్బాతో రైలెక్కి, బంగారుపేట దాటేలోపు నిద్రపోయి, వైట్‌ఫీల్డ్‌లోనో కంటోన్మెంట్‌లోనో దిగి, చీకటి పడ్డాక మళ్లీ అదే రైల్లో వేలాడుతూ తిరిగొచ్చే జనం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఈ ఊరికి అసలు గని బెంగళూరే. లాక్‌డౌన్‌లో రైళ్లు ఆగిపోయేసరికి వీళ్ల ఆఫీసు ఇంటికొచ్చింది. ఇంట్లో దానికి చోటు లేదు. ఉన్న చిన్న గది చుట్టాల కోసం. అందులో ఒక ట్రంకు పెట్టె, రెండు బియ్యం మూటలు, వాడని కుట్టు మిషను, పెళ్లిలో వచ్చిన గోడ గడియారాలు పన్నెండు. అన్నీ వేర్వేరు టైములు చూపిస్తున్నాయి. అమెరికా క్లయింటు ఉన్నవాడికి అది సౌకర్యమేనని మనవాడు సర్దిచెప్పుకున్నాడు.

ఒక గదితో నాలుగు గదుల పని చేయించుకోవడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగినప్పటి నుంచి ఇక్కడ రెండు రకాల ఇళ్లు. దొరల బంగ్లాల్లో అతిథుల గది వేరు, రాతగది వేరు, నౌకర్ల వసారా వేరు. సాయంత్రం కాలక్షేపానికి క్లబ్బు వేరు. కార్మికుల లైన్లలో మొదట్లో వెదురు తట్టీల గుడిసెలు, తర్వాత వరసగా ఒంటిగది ఇళ్లు. గనిలో మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు దిగినవాడు వచ్చేసరికి పగటి షిఫ్టువాడు చాప ఖాళీ చేసి వెళ్లేవాడు. ఎవరి కుర్చీ వారికి ఉండదు, ఖాళీగా ఉన్నదాంట్లో కూర్చోవాలి అని బెంగళూరు కంపెనీలు ఇప్పుడు పెద్ద సంస్కరణలా చెప్పుకుంటాయి. కేజీఎఫ్ లైన్లలో అది చాపతో వందేళ్ల కిందటే అమలైంది.

ఇంటికి దూరంగా, చప్పుడు లేకుండా, ఎవరూ తలుపు తట్టని ఆఫీసు కావాలన్న ఆశ కూడా ఇక్కడ ఒకసారి నెరవేరింది. కాకపోతే అది భూమికి రెండు కిలోమీటర్లకు పైగా కింద. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలతో కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో పరికరాలు పెట్టి, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఆకాశం నుంచి కురిసే మిగతా కణాలను దాదాపు అన్నింటినీ పైనున్న రాయి ఆపేస్తుంది. రాయిని లెక్కచేయని న్యూట్రినో మాత్రం లోపలికొస్తుంది. అంత రాయి కప్పుకున్నా ఒక రకం అతిథిని ఆపలేకపోయారంటే, మామూలు తలుపు వేసుకుని మీటింగులో కూర్చున్న మనవాడి సంగతి చెప్పేదేముంది?

తలుపు అన్నాం కాబట్టి, మొదటి పని తలుపుతోనే మొదలైంది. టేబుల్ కొనాలంటే అంగళ్లు మూసి ఉన్నాయి. తెరిచాక ధర చూస్తే ఇవి మూసి ఉన్నప్పుడే మేలు అనిపించింది. 1994లో అమెరికాలో అమెజాన్ మొదలుపెట్టిన జెఫ్ బెజోస్ టేబుళ్ల కంటే తలుపులే చవకని తెలుసుకుని, తలుపుకు నాలుగు కాళ్లు కొట్టించి దాని మీద పనిచేశాడు. ఈ ముక్క చదివిన మనవాడికి కంపెనీ ఎలా పెట్టాలో అర్థం కాలేదు గానీ, తలుపు ఎలా పడుకోబెట్టాలో అర్థమైంది. నేరుగా పాత సామాన్ల గుజరీ అంగడికి వెళ్లాడు.

“ఏం సార్, ఇల్లు కడ్తా ఉండారా?”

“లేదన్నా, ఆఫీసు.”

“ఆఫీసుకి తలుపొక్కటే చాలునా? గోడలు వద్దా?”

బేరం కుదిరింది. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న పాత టేకు తలుపు. నిజానికి రాసుకోవడానికి రెండడుగుల వెడల్పు చాలు. మిగిలిన అరడుగు కాఫీ గ్లాసుకు, మందు బిళ్లలకు, పాప బొమ్మలకు. గొళ్లెం ఊడదీశాక పడ్డ రంధ్రంలోంచి చార్జరు తీగ దింపితే పెద్ద కంపెనీ టేబుళ్లలో ఉండే ఏర్పాటు ఉత్తినే దొరికినట్టే. ఎత్తు నేల నుంచి 29, 30 అంగుళాలు ఉండాలి. దీన్ని అందరూ చదువుతారు, ఎవరూ కొలవరు. మనవాడూ కొలవలేదు. కొలిచిందీ, కాళ్లు కోయించిందీ, నిలబెట్టిందీ వాళ్ల మామగారు.

మామగారి గురించి కొంచెం చెప్పుకోవాలి. గనిలో టింబరింగ్ పని. బంగారం తవ్విన ఖాళీలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, రాతి గోడలు కట్టే పని. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అక్కడ రాయి ఉన్నట్టుండి పేలేది. రాక్ బరస్ట్ అంటారు, పైన ఇళ్లలో గిన్నెలు కూడా కదిలేవి. గని మూశాక ఆయన ముల్‌బాగల్ దగ్గర సొంతూరికి పోయారు. అల్లుడు టేబుల్ చేస్తున్నాడని కబురందగానే మూరటేపుతో దిగారు. మేకులు తిన్నగా పోవడం లేదని చూసి, “కొండనే నిలబెట్టినాం అల్లుడా, నీ పలక నిలబెట్టలేమా?” అంటూ సుత్తి లాక్కున్నారు. కాళ్ల మధ్య అడ్డకర్రలు వేసి, మూలమూలకీ ఐమూలగా పట్టీలు కొట్టారు. ఇప్పుడు ఆ టేబుల్ మీద ఏనుగు నిలబడొచ్చు. ఒకటే ఇబ్బంది, కింద అల్లుడి కాళ్లు పట్టవు.

పుస్తకాల అరకు ఖర్చు లేని మార్గం కోలారు జిల్లాలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మాలూరు ఇటుకలకూ పెంకులకూ పేరుపడ్డ ఊరు. రెండు వరసల ఇటుకలు, మధ్య పలక, మళ్లీ ఇటుకలు. సిమెంటు వద్దు, మేకు వద్దు, వడ్రంగి అసలే వద్దు. పలక మందం ముప్పావు అంగుళం ఉండాలి, ఇటుకల మధ్య దూరం రెండున్నర అడుగులు దాటకూడదు. దాటితే మొదటి నెలలోనే పలక నడుము వంగుతుంది. నాలుగు అరలకు మించి లేపాలని ఎవరికైనా బుద్ధి పుడితే, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారేమో ముందు చూసుకోవాలి. ఉంటే రెండు అరలే ఎక్కువ.

ఇక టమాటా పెట్టె. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో కోలారు ఏపీఎంసీ ఒకటి. అక్కడ లెక్కంతా 15 కిలోల పెట్టెల్లోనే. 2023 జులైలో ఒక పెట్టె టమాటా 2,000 రూపాయలు దాటినప్పుడు, మనవాడి గదిలోని సామానంతా కలిపినా ఒక పెట్టె కాయలకు సరితూగలేదు. ఖాళీ ప్లాస్టిక్ పెట్టెను పక్కకు పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్లాస్టిక్ తీగలతో బిగిస్తే ఫైళ్లకు, వైర్లకు, అతిథుల చెప్పులకు కూడా అరలు. రంధ్రాలుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది, బూజు పట్టదు. డచ్ వాస్తుశిల్పి గెరిట్ రీట్‌వెల్ట్ 1934లోనే సామాన్లు కట్టే పెట్టెల చెక్కతో కుర్చీ చేశాడు. అది ఇప్పుడు మ్యూజియాల వస్తువు. టమాటా పెట్టె మ్యూజియానికి చేరే లోపు మండీవాడు వెతుక్కుంటూ వస్తాడు. పెట్టె మీద అతని గుర్తు ఉంటే అది మీది కాదు. పగిలి పక్కన పడేసినవి అడిగి తెచ్చుకోవాలి. మనవాడి పెట్టెల మీద ఎర్ర అక్షరాలతో ఏదో మండీ పేరుండేది. వీడియో మీటింగులో అది చూసి ఢిల్లీ మేనేజరు, ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టుకున్నాడేమోనని రెండు వారాలు అనుమానపడ్డాడు.

ఆ అక్షరాలు కప్పడానికి వచ్చిందే చంద్రిక. ఇది ఇంట్లో గొడవలకు దారితీసే పేరే గానీ, మనిషి కాదు. పట్టుపురుగులు గూళ్లు కట్టుకోవడానికి పెట్టే వెదురు తట్ట. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మీద చుట్టలు చుట్టలుగా వెదురు బద్ద. కోలారు జిల్లా పట్టు రైతుల ఇళ్లలో ఇవి గోడకు ఆనించి ఉంటాయి. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాయి కాబట్టి పాతవి అడిగితే ఇచ్చేస్తారు. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టి, కుర్చీ వెనక నిలబెడితే అంతకంటే అందమైన తెర బెంగళూరు అంగళ్లలో దొరకదు. ఈ విషయంలో మాత్రం వ్యాసకర్త రాజీపడడు. అద్దెకు తెచ్చిన చిత్రపటాలూ, గోడకు అంటించే రాతిబొమ్మ కాగితాలూ దీని ముందు దండగ. మీటింగులో ముంబై సహోద్యోగిని అది ఎక్కడ కొన్నావని అడిగితే మనవాడు “ఆర్టిసన్ పీస్” అన్నాడు. లోపల ఇంకా ఒక పట్టుగూడు ఇరుక్కుని ఉందన్న సంగతి చెప్పలేదు.

గోడకు సున్నం చాలు. రాత్రంతా నానబెట్టి, పాత పంచెలో వడగట్టి, చేతికి అంటకుండా కాస్త జిగురు, తెలుపు తేలడానికి చిటికెడు నీలం. చిన్న గదిలో వెలుతురు పెరుగుతుంది. టేబుల్‌ను కిటికీకి పక్కగా వేసుకోవాలి. ఎదురుగా వేస్తే కళ్లు జిగేల్, వెనక వేస్తే వీడియోలో మొహం నల్లగా కనిపిస్తుంది. గొంతు గంగాళంలో పలికినట్టు మోగుతుంటే గోడకు జంఖానా వేలాడదీస్తే సరి.

సరే, చుట్టాలు. 2018 డిసెంబర్‌లో ప్రశాంత్ నీల్ ‘కేజీఎఫ్’ సినిమా మొదటి భాగం, 2022 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చాక, ఊరి పేరు విన్న ప్రతి బంధువుకూ ఊరు చూడాలనిపించింది. కుప్పం బావమరిది, పలమనేరు చిన్నాయన, హైదరాబాద్ నుంచి ఎవరి తరఫో తేలని ఓ దంపతులు. అందరికీ సైనైడ్ దిబ్బల ముందు ఫోటో కావాలి. ఆ తర్వాత దగ్గర్లోనే కమ్మసంద్రలో కోటిలింగేశ్వరుడు. 108 అడుగుల లింగం, ఎదురుగా 35 అడుగుల నంది. చూసొచ్చేసరికి రాత్రవుతుంది. పడక ఎక్కడ?

ఆఫీసులోనే. దీనికి నవారు మంచం లాంటి వస్తువు ప్రపంచంలో ఇంకొకటి పుట్టలేదు. పగలు నిలబెట్టి గోడకు చేర్చితే అడుగు చోటు కూడా తినదు. వదులైతే నవారు లాగి మనమే బిగించుకోవచ్చు. నడవలో ట్రంకు పెట్టె మీద పరుపు వేస్తే కూర్చోవడానికి ఆసనం, లోపల దుప్పట్లు. మామగారికి మాత్రం మంచం పగలు కూడా వేసే ఉండాలి. భోంచేసి రెండింటికి నడుం వాలుస్తారు. క్లయింటుతో మీటింగు రెండున్నరకు. ఒకరోజు మైకు తెరిచి ఉండగా చంద్రిక వెనక నుంచి గట్టిగా గురక వినిపించింది. అవతల ఎవరో “నెట్‌వర్క్ నాయిస్ ఎక్కువగా ఉంది” అన్నారు. మనవాడు అవునన్నాడు. మామగారు లేచి, “ఎవురప్పా అది, నాయిస్ అంటాండేది?” అన్నారు.

ఈ సరదాల్లో ఒకటి మాత్రం సరదా కాదు. ఇసుక ఊరికే దొరుకుతుంది కదా అని దిబ్బల మట్టి తెచ్చి గోడ పూయడం, నేల చదును చేయడం, కుండీలు నింపడం చేయొద్దు. అది ఇసుక కాదు. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం లాగేశాక మిగిలిన పొడి. ఒకటీ రెండూ కాదు, 3 కోట్ల టన్నులకు పైనే ఉంది. గాలికాలంలో అదే వచ్చి ఇళ్లలో పడుతుంది. మనం బస్తాల్లో మోసుకురానక్కర్లేదు. కిటికీకి సన్న దోమతెర బిగించి, ల్యాప్‌టాప్ మీద పాత చున్నీ కప్పడమే ఇక్కడి వాళ్లు చేసే పని.

రైళ్లు మళ్లీ నడిచాయి, మనవాడు వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్తున్నాడు. 2022 జూన్‌లో బెంగళూరు నాగసంద్రలో ఐకియా తెరిస్తే చూడ్డానికి వెళ్లి, టేబుళ్లను తట్టి చూసి, మామగారి పనితనం ముందు ఇవేం నిలుస్తాయని తిరిగొచ్చాడు. సొంత చేత్తో బిగించిన వస్తువుకు మనుషులు లేనిపోని విలువ కడతారని మైకేల్ నార్టన్, డేనియల్ మోకన్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు 2012లో రాసి, దానికి ఐకియా పేరే పెట్టారు. మనవాడి విషయంలో చిక్కేమిటంటే, బిగించింది మామగారు, విలువ కడుతున్నది అల్లుడు. గుజరీ అన్నను పిలిచి ధర అడిగితే, కొన్న తలుపు ధరలో సగం చెప్పాడు. “కాళ్లెందుకు కొట్టిస్తిరి సార్? కాళ్లు లేకుంటే ఇంకా పలికేది.”

కాబట్టి కేజీఎఫ్ చూడాలనుకునే చుట్టాలందరికీ ఒక మనవి. గది ఉంది, మంచం ఉంది, కోటిలింగానికి ఆటో కూడా మాట్లాడి పెడతారు. వచ్చేది మాత్రం శనివారం సాయంత్రం రండి, సోమవారం పొద్దున్నే బయల్దేరండి. వెళ్లేముందు మంచం ఎత్తి గోడకు నిలబెట్టి వెళ్లండి.