పొల్యూషన్ బండిలోని యంత్రం ఆత్మకథ

"నల్లపొగ రావట్లేదుగా, ఇంకేం చూస్తుంది?"

పొల్యూషన్ బండి దగ్గర ఎవరైనా ఈ మాట అంటే లోపలున్న గ్యాస్ ఎనలైజరుకు ఒళ్లు మండేదట. నల్లపొగ లెక్క డీజిలు బండ్లకు పెట్టే స్మోక్ మీటరుది. పెట్రోలు బండి వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. దాన్ని పట్టుకోవడమే తన పని అంటూ కథ మొదలుపెడుతుంది.

పుట్టిన ఫ్యాక్టరీ సంగతి దానికి పెద్దగా గుర్తులేదు. ఒంట్లో ఉన్నవాటిని మాత్రం గర్వంగా చెప్పుకుంటుంది: ఒక చివర పరారుణ కిరణాలు వెదజల్లే చిన్న దీపం, మధ్యలో సైలెన్సర్ గాలి పారే గొట్టం, అవతల ఫిల్టర్లు, డిటెక్టరు. కార్బన్ మోనాక్సైడు 4.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కిరణాన్ని మింగుతుంది. కార్బన్ డయాక్సైడు 4.26 దగ్గర, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి 3.4 దగ్గర. సాయంత్రం తిరిగొచ్చిన మేకల్ని లెక్కపెడితే పులి ఎన్ని తిన్నదో తెలిసినట్టు, అవతలికి చేరిన కాంతిని బట్టి వాయువు ఎంతుందో అది తేలుస్తుంది. ఈ వాయువులేవీ ముట్టని 4 మైక్రాన్ల దగ్గర ఇంకో కిరణాన్నీ కొలుస్తుంది. దీపం మందగించినా, అద్దానికి మసి పట్టినా దాంతో బయటపడుతుంది.

దానికో పెద్దన్న ఉన్నాడు. శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా కొండమీద పెట్టించిన ఎనలైజరు. ఆ మార్చిలో గాలిలో పదిలక్షల పాళ్లకు 313 పాళ్ల కార్బన్ డయాక్సైడు చూపించింది. 2006లో విధుల నుంచి తప్పుకునేనాటికి ఆ అంకె 380 దగ్గరికి చేరింది. పాళ్లు ముందే తెలిసిన గ్యాసుతో దాన్ని పదేపదే సరిచూసేవారు.

ఆ మాట దగ్గర తమ్ముడి గొంతు జీరబోతుంది.

దీన్ని సరిచూడటానికి గ్యాస్ సిలిండరు తెచ్చిన పుణ్యాత్ముడు లేడు. ఫిల్టరు నల్లబడినా మార్చలేదు. సైలెన్సర్‌లోంచి వచ్చిన తేమ నీరై లోపలే నిలిచినా వంపలేదు. ప్రోబును సైలెన్సర్‌లోకి 300 మిల్లీమీటర్లు దూర్చాలి. యజమాని అంచున ఆనించి వదిలేసేవాడు. బయటి గాలి కలిసి అంకె పడిపోయేది. 2000 తర్వాతి తొలి ఏళ్ల స్కూటర్లకు మోనాక్సైడు హద్దు 3.5 శాతం. హద్దు దాటి కక్కే ముసలి స్కూటరు కూడా దర్జాగా పాసయ్యేది. అందిన గాలిని కొలిచానే గానీ అబద్ధమాడలేదని ఇప్పటికీ వాపోతుంది. కొన్నాళ్లకు ప్రోబును కొక్కెం నుంచి తీయడమే మానేశారు. నంబరు ప్లేటుకు ఓ ఫొటో, చేతిలో సర్టిఫికెట్.

కొత్త మిషన్ దిగాక పాతదాన్ని అరిగిన టైర్ల మధ్య పడేశారు. గాలి లాగే పంపును ఎవరో విప్పుకుపోయారు. వానాకాలం ఎలకలు కాపురం పెట్టాయి. చివరికి పాత ఇనుము కొనేవాడొచ్చి మూత తీసి, రాగి ఏపాటి ఉందో చూసి, డిటెక్టరును గోటితో గీకాడు.

"ఇదేంటన్నా?"

"ఏమోరా, పొల్యూషన్‌ది ఏదో."

ఎలకలు కొరికినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదట. అన్నేళ్లు దాని సంపాదన తిన్నవాడు చెప్పిన జవాబు అది.